జబ్బు సెలవులో ఉన్నవాళ్లకు డీఏ ఎందుకు ఆగాలి? ఈఎస్‌ఐ కార్పొరేషన్ సభ్యులకు బహిరంగ లేఖ

ఈఎస్‌ఐ కార్పొరేషన్ సభ్యులకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కార్మిక శాఖ కమిషనర్లకు,

నమస్కారం.

నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను. మా ఆయన అదే ఏరియాలో ప్లాస్టిక్ మౌల్డింగ్ మెషిన్ మీద ఆపరేటరు. ఇద్దరికీ ఈఎస్‌ఐ, అంటే కార్మికుల బీమా, ఉంది. పదకొండేళ్లుగా నెలనెలా ఇద్దరి జీతాల్లోంచీ ఈఎస్‌ఐ కోత పడుతోంది. ఇంటర్ చదివాను కాబట్టి మా లైన్‌లో ఎవరికి జబ్బు చేసినా ఫారాలు నింపడానికి నా దగ్గరికే వస్తారు. బ్రాంచి ఆఫీసుకు తోడు వెళ్తాను. అలా నాకు ఈ రూల్స్ కొంత తెలిసాయి. మిగిలినవి మా ఇంట్లో జబ్బు వచ్చాక తెలిసాయి.

2023 దసరాకు వారం ముందు సంగతి ఇది. మా ఆయన కంపెనీలో నోటీసు పెట్టారు. ధరలు బాగా పెరిగాయి కాబట్టి కార్మికులకు పండగ సాయంగా తలా 1,500 రూపాయలు ఇస్తామని. అప్పటికి ఆయన టీబీ మందులు వాడుతూ నాలుగు నెలలుగా ఈఎస్‌ఐ సెలవులో ఉన్నారు. తనతో పనిచేసే కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, నీ పేరు కూడా ఉంటుంది, వచ్చి సంతకం పెట్టిపో" అన్నాడు. ఆయన మాస్కు కట్టుకుని షేర్ ఆటోలో వెళ్లారు. లైన్లో నిలబడ్డారు. తీరా తన వంతు వచ్చాక, సెప్టెంబరులో అటెండెన్స్ ఉన్నవాళ్లకే అన్నారట. ఈఎస్‌ఐ సెలవులో ఉన్నవాళ్లకు కంపెనీ డబ్బులిస్తే రూల్ ఒప్పుకోదని కూడా అన్నారట.

ఆయన ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేను కంపెనీని తిట్టిపోస్తుంటే ఒకటే మాట అన్నారు. "నేనింకా ఆ కంపెనీ మనిషినేనా, కాదా?"

ఆ ప్రశ్నే మీ ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. జబ్బు చేసి సెలవు పెట్టిన కార్మికుడు కార్మికుడేనా, కాదా? కార్మికుడే అయితే, ధరలు పెరిగాయని తోటివాళ్లకు ఇచ్చే డబ్బు, అంటే జీతంలో కలిపే డీఏ (కరువు భత్యం) అయినా విడిగా ఇచ్చే సాయమైనా, అతనికి కూడా అదే రోజు అందాలి. ఇప్పుడున్న రూల్స్‌లో అది అందడం లేదు. ఎలా అందడం లేదో మా లెక్కతోనే చెబుతాను.

2023 జూన్ రెండో వారంలో ఆయనకు టీబీ అని తేలింది. అంతకు ముందు నెల రోజుల నుంచీ సాయంత్రమయ్యేసరికి జ్వరం, దగ్గు. బెల్టు రెండు రంధ్రాలు లోపలికి బిగించుకున్నారు. కళ్లె పరీక్ష చేయించి డాక్టరుగారు సర్టిఫికెట్ ఇచ్చారు. ఈఎస్‌ఐ సెలవులో మొదటి రెండు రోజులకు డబ్బు రాదు. ఆ తర్వాత రోజు కూలీలో 70 శాతం చొప్పున 91 రోజుల దాకా వస్తుంది. టీబీ లాంటి 34 దీర్ఘ జబ్బుల జాబితా ఒకటి ఉంది. వాటిలో ఏదైనా ఉంటే, సర్వీసు, చందా (జీతంలోంచి పడే ఈఎస్‌ఐ కోత) షరతులు సరిపోతే, 91 రోజులు అయిపోయాక 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు వస్తుంది. ఇవి మంచి రూల్స్. ఇవి లేకపోతే మేం ఊరికి వెళ్లిపోయి ఉండేవాళ్లం. ఆ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

అయితే 70 శాతం అన్నది దేని మీద? ఇక్కడే ఉంది అసలు విషయం.

మా ఆయన జూన్‌లో పడుకున్నారు. జనవరి నుంచి జూన్ వరకు జబ్బు చేస్తే, అంతకు ముందు సంవత్సరం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు వచ్చిన జీతం సగటు తీస్తారు. అంటే 2022 ఏప్రిల్-సెప్టెంబరు జీతం. అప్పుడు ఆయనకు నెలకు 12,600. రోజుకు 420, అందులో 70 శాతం 294 రూపాయలు. కానీ 2022 అక్టోబరులో ఒకసారి, 2023 ఏప్రిల్‌లో ఇంకోసారి డీఏ పెరిగింది. చెరొక 375. మే నెలలో ఆయన తెచ్చిన జీతం 13,350. ఆ జీతం మీద లెక్క కడితే రోజుకు 311 రూపాయల 50 పైసలు రావాలి. తేడా 17 రూపాయల 50 పైసలు. వినడానికి చిన్న మొత్తంలాగే ఉంటుంది. ఆ రోజుల్లో మాకు అది రెండు గుడ్లు, ఒక అరటిపండు.

ఇంకో సంగతి. టీబీ వాళ్లకు పోషణ కోసం కేంద్రం నిక్షయ్ పథకం కింద అప్పట్లో నెలకు 500 రూపాయలు ఇచ్చేది. లెక్కలోకి రాని డీఏ వల్ల మాకు జూన్‌లో తగ్గింది నెలకు 525 రూపాయలు. ఒక శాఖ గుడ్లు తినమని ఇచ్చిన డబ్బు ఇంకో చోట పోయింది. ఈ రెండు అంకెలు ఖాతా పుస్తకంలో పక్కపక్కన రాసుకున్న రోజు నాకు ఏడుపొచ్చింది.

జులైలో లెక్క మారి, 2022 అక్టోబరు నుంచి 2023 మార్చి వరకు ఉన్న జీతం చూశారు. రోజుకు 302 రూపాయల చిల్లర అయింది. ఏప్రిల్‌లో పెరిగిన డీఏ మాత్రం అప్పుడూ లెక్కలోకి రాలేదు. ఆ జులై ఎలాంటి నెలో మీకు గుర్తుండే ఉంటుంది. టమాటా కిలో నూరు దాటింది. దేశంలో చిల్లర ధరల పెరుగుదల 7.44 శాతమని ప్రభుత్వమే లెక్క చెప్పింది. గ్యాస్ సిలిండరు పదకొండు వందలు దాటి ఉంది. కిరాణా కొట్టు ఆయన మాకు బియ్యం పాత ధరకు ఇవ్వలేదు. ఇంటి ఓనరు పాత అద్దె తీసుకోలేదు. మా ఆయన జబ్బు సెలవు డబ్బు ఒక్కటే పాత జీతం లెక్కలో నడిచింది.

ఈ లెక్కను మా లైన్‌లో వాళ్లకు ఇలా చెబుతాను. ఏప్రిల్ ఒకటిన డీఏ పెరిగితే అది జబ్బు సెలవు లెక్కలోకి వచ్చేది తర్వాతి జనవరి ఒకటి నుంచి. అక్టోబరు ఒకటిన పెరిగితే తర్వాతి జులై ఒకటి నుంచి. ఎటు చూసినా తొమ్మిది నెలలు. అదే చందా మాత్రం పెరిగిన డీఏ మీద మొదటి నెల నుంచే కోస్తారు. కార్మికుడి దగ్గర 0.75 శాతం, యజమాని దగ్గర 3.25 శాతం. డీఏ కూడా జీతమే కాబట్టి కోయడం న్యాయమే, నేను తప్పు పట్టను. కానీ తీసుకునేటప్పుడు మొదటి నెలలోనే జీతమైన డీఏ, ఇచ్చేటప్పుడు తొమ్మిది నెలల దాకా జీతం ఎందుకు కాదు? ఈ ప్రశ్న బ్రాంచి ఆఫీసులో అడిగాను. అక్కడున్న ఆయన మర్యాదగానే మాట్లాడారు. "అమ్మా, కంప్యూటర్లో అలాగే వస్తుంది, మా చేతుల్లో ఏం లేదు" అన్నారు. ఆయన చేతుల్లో లేదు, నిజమే. మీ చేతుల్లో ఉంది.

దీర్ఘ జబ్బుల వాళ్ల సంగతి ఇంకా కష్టం. పది రోజులు జ్వరం వచ్చి లేచినవాడికి ఈ తేడా పెద్దగా తెలియదు. క్యాన్సరో, పక్షవాతమో వచ్చి ఏడాదిన్నర మంచం మీద ఉన్నవాడికి జీతమే లేదు కాబట్టి, కొత్తగా సగటు తీయడానికి ఏమీ ఉండదు. జబ్బు పడకముందు జీతమే ఆధారం. ఆ ఏడాదిన్నరలో తోటివాళ్లకు మూడుసార్లు డీఏ పెరుగుతుంది. అతని రోజు లెక్క కదలదు. జబ్బు ఎంత పెద్దదైతే నష్టం అంత పెద్దది. ప్రసూతి సెలవులో ఉన్న ఆడవాళ్లకూ, పనిలో దెబ్బ తగిలి తాత్కాలికంగా ఇంట్లో ఉన్నవాళ్లకూ సగటు జీతం తీసే పద్ధతి ఇదే. వాళ్లకు శాతం ఎక్కువ కాబట్టి కొంత నయం, అంతే.

ప్రభుత్వ ఉద్యోగుల సంగతి చూడండి. జబ్బు చేసి సెలవు పెడితే సెలవు జీతం మీద డీఏ వస్తుంది. సగం జీతం సెలవైనా ఆ సగం మీద డీఏ వస్తుంది. సెలవులో ఉండగా డీఏ పెరిగితే అదీ కలుస్తుంది. వాళ్లకు ఎందుకిస్తున్నారని నేను అడగడం లేదు. ఇంట్లో మంచం పట్టిన మనిషికి ధరలు తగులుతాయని ప్రభుత్వం వాళ్ల విషయంలో ఒప్పుకుంది. అదే మా విషయంలోనూ ఒప్పుకోమంటున్నాను. మాకు డీఏ ఇంకా ముఖ్యం. కనీస వేతనంలో మూల వేతనాన్ని ఎన్నేళ్లకోసారి గానీ సవరించరు. మధ్యలో మమ్మల్ని నడిపించేది ఆరు నెలలకోసారి కమిషనర్‌గారు ప్రకటించే ఆ కాస్త డీఏ పెంపే.

మీ కార్పొరేషన్ కూడా ఈ సూత్రాన్ని ఇప్పటికే ఒప్పుకుంది. పని ప్రమాదంలో శాశ్వతంగా వైకల్యం వచ్చినవాళ్లకు, ప్రమాదంలో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు నెలనెలా ఇచ్చే సొమ్మును ధరలను చూసి ఎప్పటికప్పుడు పెంచుతూ వచ్చారు. చెయ్యి పోయినవాడికి పెరిగిన ధరే కదా ఊపిరితిత్తి పాడైనవాడికీ పెరిగేది. 2020లో కరోనా సమయంలో ఉద్యోగాలు పోయినవాళ్లకు అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన కింద ఇచ్చే సాయాన్ని 25 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. అవసరం కనిపించినప్పుడు మీరు త్వరగా నిర్ణయం తీసుకోగలరని ఆ ఏడాదే చూశాం. నిక్షయ్ డబ్బును కూడా 2024 నవంబరు నుంచి 500 కాదని 1,000 చేశారు.

బయటి దేశాల్లో ఎలా ఉందో తెలుసుకుందామని అనుకున్నాను. మా అక్క కొడుకు జర్మనీలో ఉన్నాడు. 2022లో కరెంటు, గ్యాస్ ధరలు మండిపోయినప్పుడు అక్కడ పనిచేసేవాళ్లందరికీ ఒకసారి 300 యూరోలు ఇచ్చారట. ఉద్యోగంలో ఉండి, దీర్ఘ జబ్బుతో ఇన్సూరెన్స్ నుంచి జబ్బు భృతి తీసుకుంటున్నవాళ్లకు కూడా అది వచ్చింది. ఉద్యోగం ఉందా లేదా అన్నదే చూశారు, ఆ నెల పనికొచ్చాడా లేదా అని చూడలేదు. అదే ఏడాది బ్రిటన్‌లో 650 పౌండ్ల సాయం ఇచ్చారు. అది ఆదాయం చూసి ఇచ్చే భృతులు తీసుకునేవాళ్లకు. యజమాని ఇచ్చే జబ్బు జీతం ఒక్కటే వస్తున్నవాళ్లు, దాన్ని బట్టి అర్హులు కాలేదు. జబ్బు చేసినవాణ్ని లెక్కలో ఉంచాలా, బయట పెట్టాలా అన్నది ప్రభుత్వాలు కూర్చుని నిర్ణయించుకున్న విషయమే. మన దగ్గర కూడా ఎవరైనా కూర్చుని నిర్ణయిస్తే మారుతుంది.

మీరు అడిగే ప్రశ్నలు నాకు తెలుసు. డబ్బు ఎక్కడిది అంటారు. 2019 జులైలో మొత్తం చందాను 6.5 శాతం నుంచి 4 శాతానికి తగ్గించారు. అంత తగ్గించడానికి వీలున్న నిధికి జబ్బు పడినవాడి రోజు కూలీలో పదిహేను, ఇరవై రూపాయలు కలపడం మోయలేని భారం అవుతుందా? చందా తగ్గింపులో పెద్ద లాభం యజమానులకే వెళ్లింది, 4.75 నుంచి 3.25కి. మాకు తగ్గింది ఒక శాతం. వాళ్ల మీద నాకు కోపం లేదు. నిధిలో ఆ మాత్రం వెసులుబాటు ఉన్నప్పుడు మంచం మీద ఉన్నవాడు కూడా గుర్తుకు రావాలి కదా అని నా బాధ.

డీఏ కలిపితే దొంగ సెలవులు పెరుగుతాయని కూడా కొందరు అంటారు. మా సూపర్‌వైజరు నాతోనే అన్నాడు. ఎంత డీఏ కలిపినా వచ్చేది 70 శాతమే. 30 శాతం పోగొట్టుకుని, ఓవర్‌టైం వదులుకుని, సర్టిఫికెట్ కోసం మళ్లీ మళ్లీ డాక్టరు దగ్గర కూర్చుని, ఎవరు దొంగ సెలవు పెడతారు? ఈ పదకొండేళ్లలో నా దగ్గరికి ఫారం నింపించుకోవడానికి వచ్చినవాళ్లలో జబ్బు లేకుండా వచ్చినవాళ్లను నేను చూడలేదు. జబ్బు ఉన్నా, అప్పులున్నాయని సెలవు పెట్టకుండా పనికొస్తున్నవాళ్లను మాత్రం చాలామందిని చూశాను. మా ఆయన కూడా జ్వరంతో నెల రోజులు షిఫ్టుకు వెళ్లారు. ఆ నెల మూసి ఉన్న షెడ్డులో ఆయన దగ్గు పీల్చినవాళ్లు ఎందరో అని ఇప్పటికీ నాకు టెన్షన్. సెలవు డబ్బు సరిపోతుందన్న ధైర్యం ఉంటే ముందే వెళ్లి పరీక్ష చేయించుకునేవారు.

లెక్క కట్టడం కష్టమంటే నేను నమ్మను. ప్రతి నెలా 15వ తేదీలోపు కంపెనీలు ఒక్కొక్కరి జీతం మీ వెబ్‌సైటులో ఎక్కించి చందా కడుతున్నాయి. మా ఆయన మే నెల జీతం 13,350 అని మీ కంప్యూటర్‌కు జూన్‌లోనే తెలుసు. ఆ జీతం మీద చందా కూడా అందుకుంది.

అందుకని నేను అడిగేది ఇది. జబ్బు సెలవు మొదలైనప్పుడు, ఇప్పుడున్న ఆరు నెలల సగటు, సెలవుకు ముందు నెల పూర్తి జీతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద 70 శాతం లెక్క కట్టండి. సెలవు నడుస్తుండగా ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో డీఏ పెరిగితే, పెరిగిన దానిలో 70 శాతాన్ని, దీర్ఘ జబ్బు వాళ్లకైతే 80 శాతాన్ని, ఆ తేదీ నుంచే రోజు లెక్కకు కలపండి. రెండు రాష్ట్రాల కమిషనర్లు డీఏ ఉత్తర్వు ఇచ్చినప్పుడు ఒక కాపీ ఈఎస్‌ఐ ప్రాంతీయ కార్యాలయానికి పంపితే చాలు. దీనికి పార్లమెంటులో చట్టం మార్చాల్సిన పని లేదు. 70 శాతం అన్నది నియమాల్లో ఉన్న అంకె, చట్టంలో లేదు. పాత ఈఎస్‌ఐ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దాని కింది నియమాల్లో ఈ రెండు వాక్యాలు చేర్చండి.

ఇక పండగ సాయం సంగతి. సెలవు భృతి తీసుకున్న రోజులకు మళ్లీ జీతం తీసుకోకూడదని పాత ఈఎస్‌ఐ చట్టంలో ఉంది. అది సబబే. కానీ ధరలు పెరిగాయని అందరికీ ఒకసారి ఇచ్చే 1,500 ఆ రోజుల జీతం ఎలా అవుతుంది? కంపెనీలు ఆ సెక్షన్ చూపించి రోగులను జాబితాలోంచి తీసేస్తుంటే, తెలియని కార్మికుడు నిజమేననుకుని వెనక్కి వస్తున్నాడు. జబ్బు సెలవు, ప్రసూతి సెలవు, ప్రమాద సెలవు, వీటిలో ఉన్నవాళ్లంతా మస్టర్ రోల్‌లో (కంపెనీ హాజరు పట్టికలో) ఉన్న కార్మికులేనని, ధరల సాయం ఇస్తే వాళ్లకూ ఇవ్వాలని, అందువల్ల వాళ్ల ఈఎస్‌ఐ భృతికి ఏ ఇబ్బందీ ఉండదని మీరు, కార్మిక శాఖ కలిసి ఒక సర్క్యులర్ ఇవ్వండి. తెలుగులో ఇవ్వండి. డిస్పెన్సరీ గోడ మీద, ఫ్యాక్టరీ గేటు దగ్గర అంటించేలా ఇవ్వండి. జబ్బులో ఉన్నవాణ్ని ఉద్యోగంలోంచి తీయకూడదని పాత ఈఎస్‌ఐ చట్టంలోనే ఉందని మా లైన్‌లో సగం మందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా చూపించడానికి కాగితం లేక ఊరుకుంటారు.

కార్పొరేషన్‌లో కార్మికుల తరఫున కూర్చునే సభ్యులకు ప్రత్యేకంగా ఒక మాట. డిస్పెన్సరీలో మందుల గురించి, ఆసుపత్రిలో బెడ్ల గురించి మీరు మాట్లాడుతుంటారు, మాట్లాడాలి కూడా. ఈ డీఏ విషయాన్ని కూడా వచ్చే సమావేశం ఎజెండాలో పెట్టించండి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో మినిట్స్‌లో రాయించండి. మేం చదువుకుంటాం.

మా ఆయన 2024 ఫిబ్రవరిలో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకుని అదే మెషిన్ మీదికి వెళ్లారు. ఇప్పుడు ఆరోగ్యం బాగానే ఉంది. ఆ ఎనిమిది నెలల్లో చేసిన చేబదుళ్లు తీర్చడానికి చీటీ ఎత్తాం, ఆ చీటీకి ఇంకా కడుతున్నాం. 2022 సెప్టెంబరు, 2023 మే నెలల జీతం స్లిప్పులు, ఈఎస్‌ఐ డబ్బు పడిన బ్యాంకు పాస్‌బుక్కు పేజీలు జిరాక్సు తీసి పెట్టాను. మీలో ఎవరు చూస్తానన్నా పంపుతాను. రమ్మంటే ఆదివారం తప్ప ఏ రోజైనా సగం పూట సెలవు పెట్టి వస్తాను, ఆదివారం మీ ఆఫీసు ఉండదు కాబట్టి.

ఇట్లు,
జీడిమెట్ల నుంచి ఒక ప్యాకింగ్ కార్మికురాలు